నాచు మేసే నోళ్ళు

మా డాలస్ చుట్టుపక్కల సముద్రపు ట్యాంకులు పెట్టుకున్న తెలుగువాళ్ళం ఓ వాట్సాప్ గ్రూపులో ఉంటాం. ఆమధ్య ఓ కుర్రాడు అందులో ఫొటో పెట్టాడు. 40 గ్యాలన్ల ట్యాంకు, మంచి లైటు, రాళ్ళు కూడా ముచ్చటగా పేర్చుకున్నాడు. వాటి మీద మాత్రం వేలెడు పొడవున పచ్చటి నాచు. మధ్యలో రెండు క్లౌన్ చేపలు. కింద ఒకటే లైను: "అన్నా, దీనికి ఏం వెయ్యాలి?"

అడగడం ఆలస్యం, వరసపెట్టి సలహాలొచ్చాయి. ఫ్లూకోనజోల్ అని ఒకాయన, హైడ్రోజన్ పెరాక్సైడ్ అని ఇంకొకాయన. జీఎఫ్ఓ రియాక్టర్ (ఫాస్ఫేట్‌ని పట్టేసే ఇనుప గుళికల డబ్బా) పెట్టమని ఒకరు, మూడు రోజులు లైట్లార్పేసి ట్యాంకు మీద దుప్పటి కప్పమని మరొకరు, ఫలానా సీసా డిస్కౌంట్‌లో ఉందని లింకుతో సహా ఇంకొకరు. కాస్త పద్ధతైన వాళ్ళు నైట్రేట్ ఎంత, ఫాస్ఫేట్ ఎంత అని అడిగారు. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ 0.02 అన్నాడతను. అయితే టెస్టు కిట్టు పాడై ఉంటుందని తేల్చేశారు. పనిలో పనిగా చేపలకి తిండి తగ్గించమని కూడా చెప్పారు. రెండు క్లౌన్లకి పెట్టే చిటికెడు తిండిలో ఇంకేం తగ్గిస్తాడో పాపం.

ఆ ట్యాంకులో నాచు తినేవాళ్ళు ఎవరున్నారని మాత్రం ఒక్కరూ అడగలేదు. నేనడిగితే, రెండు హెర్మిట్ పీతలున్నాయన్నాడు. అంతే.

నాచు అనగానే మనందరం నీళ్ళ కెమిస్ట్రీ వైపు పరిగెడతాం. నాకు మాత్రం అది ముందు మేత సమస్యగా కనిపిస్తుంది, కెమిస్ట్రీ దాని తర్వాత. వెలుతురూ, కాస్తంత నత్రజనీ, భాస్వరమూ ఉన్న ఉప్పునీళ్ళలో నాచు మొలవక మానదు. అందరూ మెచ్చుకునే ట్యాంకుల్లో కూడా రోజూ మొలుస్తూనే ఉంటుంది. అక్కడ మొలిచింది మొలిచినట్టు ఎవరో ఒకరు తినేస్తుంటారు కాబట్టి మన కంటపడదు. ఈ మాట గ్రూపులో రెండు లైన్లలో చెప్తే "ఓకే అన్నా, కానీ ఏ బ్రాండు?" అన్నారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

టెస్టు కిట్టు చెప్పేదెంత

టెస్టులో కనపడేది నీళ్ళలో మిగిలిన నైట్రేటూ ఫాస్ఫేటూ. నాచు అప్పటికే పీల్చేసుకున్నది ఏ కిట్టుకీ అందదు. భోజనాలయ్యాక గంగాళంలో మిగిలిన పప్పుని చూసి బంతిలో ఎంతమంది తిన్నారో చెప్పమన్నట్టుంటుంది వ్యవహారం. నాచు గుబురుగా ఉన్న ట్యాంకులో నైట్రేట్ సున్నా వచ్చిందంటే కిట్టు పాడైనట్టు కాదు, నాచు బాగా తింటోందని అర్థం. పైగా ఫాస్ఫేట్ కొలవడానికి మనం వాడే చేతి చెకర్ల (చిన్న మీటర్ల) కచ్చితత్వమే అటూ ఇటూ 0.02 పీపీఎం అని వాటితో వచ్చే కాగితం మీదే రాసి ఉంటుంది. అలాంటి దాంట్లో 0.02 వచ్చిందంటే సున్నా కావచ్చు, 0.04 కావచ్చు. ఆ అంకె మీద ఆధారపడి రెండొందల డాలర్ల రియాక్టర్ కొనేవాళ్ళని చూశాను.

నీళ్ళ సంగతి పట్టించుకోవద్దని నేననను. మా ఫ్రిస్కో, ప్లేనో వైపు నీళ్ళలో ఏడాదిలో ఎక్కువ భాగం క్లోరమైన్ (క్లోరిన్‌తో అమ్మోనియా కలిపిన మందు) ఉంటుంది. వసంతంలో కొన్ని వారాలు మాత్రం పైపులు శుభ్రం చెయ్యడానికి మామూలు క్లోరిన్‌కి మారుస్తారు. క్లోరమైన్‌ని మన ఫిల్టర్లో ఉండే కార్బన్ విడగొడితే అమ్మోనియా మిగులుతుంది, దాన్ని ఫిల్టర్ చివర్లో ఉండే డీఐ రెసిన్ గుళికలు పట్టుకోవాలి. రెసిన్ అయిపోయినా మార్చకుండా ట్యాంకు నింపేవాడికి ఎన్ని నత్తలు తెచ్చిపెట్టినా లాభం లేదు. అలాగే ఈమధ్య అందరూ కొంటున్న డ్రై రాక్. సముద్రంలోంచి తెచ్చిన లైవ్ రాక్‌లా దాని మీద కోరలీన్ ఆల్గే (రాయికి గట్టి పొరలా పట్టే గులాబీరంగు నాచు), చిన్న చిన్న ప్రాణులు ఏమీ ఉండవు, ఖాళీ స్థలం. కొన్ని రకాల రాయి అయితే లోపల పట్టిన ఫాస్ఫేట్‌ని నెలల తరబడి వదులుతూనే ఉంటుంది. నీళ్ళలో కొలిస్తే కనపడదు, ఎందుకంటే రాయిని పట్టుకున్న నాచు వేళ్ళ దగ్గరే దాన్ని లాగేసుకుంటుంది. కాబట్టి పోషకాల వాదం తప్పని చెప్పడం లేదు. అది సగం కథే అంటున్నాను. గ్రూపుల్లో మనం ఆ సగాన్నే మొత్తం కథగా చెప్పుకుంటున్నాం.

జమైకా సంగతి

ఇంట్లో గాజుపెట్టె గురించి మాట్లాడుతూ జమైకా ఎందుకంటారేమో. మన వాదన ఆ సముద్రంలో, మనకి వందేళ్ళొచ్చినా సాధ్యం కానంత పెద్ద ఎత్తున, తనంతట తానే పరీక్షకొచ్చింది.

కరేబియన్ పగడపు దిబ్బల మీద డయాడెమా అనే నల్లటి పొడుగు ముళ్ళ అర్చిన్ (బంతిలా ఉండి నాచు మేసే సముద్ర ప్రాణి) ఉండేది. 1983లో పనామా దగ్గర అవి ఉన్నట్టుండి చావడం మొదలైంది. ఏడాది కాస్త దాటేసరికి కరేబియన్ అంతటా పాకి, 90 శాతానికి పైగా పోయాయి. జమైకాలో అప్పటికే చేపల్ని విపరీతంగా పట్టేసి ఉన్నారు, నాచు మేసే ప్యారట్ చేపలూ సర్జన్ చేపలూ పెద్దగా మిగల్లేదు. అంటే మొత్తం మేత భారమంతా అర్చిన్ మీదే పడి ఉంది. అది కూడా పోయాక ఏమైందో 1994లో పగడాల శాస్త్రవేత్త టెర్రీ హ్యూస్ ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసంలో అంకెలతో సహా ఉంది: 1977లో 52 శాతం ఉన్న పగడం 90ల మొదట్లో 3 శాతానికి పడిపోయింది. నాచు 4 శాతం నుంచి 92 శాతానికి పెరిగింది. మధ్యలో 1980లో అలెన్ తుఫాను కూడా కొట్టింది, అది వేరే దెబ్బ. కానీ తుఫాను తర్వాత, అర్చిన్లు ఉన్నంతకాలం, పగడం మళ్ళీ మొలకెత్తడానికి ప్రయత్నించింది. అర్చిన్లు పోయాక అదీ ఆగిపోయింది.

దీనికి ఎదురు చెప్పినవాళ్ళు ఉన్నారు, వాళ్ళు చిన్నవాళ్ళేం కాదు. భూమి మీద నుంచి కొట్టుకొచ్చే మురుగు, ఎరువులే జమైకా నాచుకి అసలు కారణమని ఇంకో శాస్త్రవేత్త బ్రయాన్ లాపాయింట్ 1997లో వాదించాడు. హ్యూస్ వర్గం దానికి జవాబు రాసింది, ఆ గొడవ చాలాకాలం నడిచింది. నాకు ఈ గొడవలో నచ్చేది వేరే చోట జరిగిన ప్రయోగం. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో, వన్ ట్రీ ఐలాండ్ దగ్గర, 1990లలో చిన్న చిన్న దిబ్బలకి పనిగట్టుకుని నత్రజని, భాస్వరం పోశారు. ఏళ్ళ తరబడి పోశారు. పగడాల సంతానోత్పత్తి దెబ్బతింది కానీ, అందరూ భయపడినట్టు నాచు దిబ్బని మింగేయలేదు. అక్కడ మేసే చేపలు మేస్తూనే ఉన్నాయి.

ఇంకో ప్రయోగం ఉంది, అదైతే కథలాగే ఉంటుంది. అదే గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఆర్ఫియస్ ఐలాండ్ దగ్గర కొంత మేర పెద్ద చేపలు రాకుండా వలలు కట్టి వదిలేస్తే, లోపల సర్గాసమ్ అనే పెద్ద గోధుమరంగు నాచు అడవిలా పెరిగింది. తర్వాత వలలు తీసేసి, ఏ చేప వచ్చి తింటుందో అని కెమెరాలు పెట్టారు. ప్యారట్ చేపలు, సర్జన్ చేపలు వస్తాయనుకున్నారు. అవి పెద్దగా ముట్టుకోలేదు. వచ్చి దుమ్ము దులిపింది బ్యాట్ ఫిష్, నాచు తింటుందని ఎవరి లెక్కలోనూ లేని చేప. 2006లో వచ్చిన ఈ పేపర్‌ని క్లీనప్ క్రూ (నాచు తినే నత్తలు, పీతల) ప్యాకేజీలు అమ్మే ప్రతి షాపువాడూ ఓసారి చదివితే బాగుండు. చిన్న మొలకని గీకి తినేవాళ్ళు వేరు, పెరిగిన చెట్టుని కొరికి తినేవాళ్ళు వేరు. మన ట్యాంకుల్లో నత్తలన్నీ మొదటి రకం. అంగుళాల పొడవు నాచు ముందు పాతిక నత్తల్ని వదిలి "నత్తలు పని చెయ్యవు బ్రో" అంటే అది నత్తల తప్పు కాదు.

సున్నా మీద మోజు

ప్లేనోలో ఉండే ఓ ఫ్రెండు ఉన్నాడు, మహా శుభ్రత మనిషి. ఏదైనా మొదలెడితే చివరి దాకా వదలడు. పెద్ద స్కిమ్మర్ (నీళ్ళలో మురికిని నురగగా బయటికి లాగే పరికరం), జీఎఫ్ఓ, దాని పైన వోడ్కా డోసింగ్. తెలియనివాళ్ళకి ఇది నవ్వులాటగా ఉంటుంది కానీ నిజంగానే వోడ్కా: రోజూ కొన్ని చుక్కలు పోస్తే బాక్టీరియా ఆ ఆల్కహాల్ తిని పెరుగుతూ నీళ్ళలో నైట్రేట్, ఫాస్ఫేట్‌ని లాక్కుంటుంది, ఆ బాక్టీరియాని స్కిమ్మర్ బయటికి లాగేస్తుంది. పద్ధతి మంచిదే. ఇతను నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా చూసే దాకా ఆగలేదు. చూశాడు కూడా. హెయిర్ ఆల్గే, అంటే వెంట్రుకల్లాంటి పచ్చ నాచు, పోయింది.

కొన్ని వారాలకి ఇసుక మీద, రాళ్ళ మీద గోధుమరంగు జిగురు మొదలైంది. మధ్యాహ్నం అయ్యేసరికి తీగలు తీగలుగా సాగి, ఒక్కో తీగ కొసన గాలి బుడగ. రాత్రి లైటార్పితే మాయం, మర్నాడు మళ్ళీ ప్రత్యక్షం. వాళ్ళబ్బాయి స్కూలు ప్రాజెక్టుకి కొన్న మైక్రోస్కోపులో ఓ చుక్క పెట్టి చూస్తే బాదం గింజ ఆకారంలో ఉన్న కణాలు, ఒక కొస దేనికో కట్టేసినట్టు, ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. ఆస్ట్రియాప్సిస్. డైనోఫ్లాజెలేట్లు అనే ఒంటికణపు జీవుల్లో (హాబీలో డైనోలంటాం) విషం ఉన్న రకం. వాటిని గీకిన నత్తలు ఒక్కొక్కటిగా అడుగున పడి పైకి లేవలేదు.

నాచుతో పోటీ పడే శక్తి డైనోలకి తక్కువ. నీళ్ళలో పోషకాలు ఉన్నప్పుడు మిగతా ఆల్గే, బాక్టీరియా జాగా ఆక్రమించుకుని వీటిని అణిచి ఉంచుతాయి. అందర్నీ ఆకలికి మాడ్చేస్తే, ఆకలికి ఓర్చుకోగలిగినవి మిగులుతాయి. డైనోలు వెలుతురుతోనూ బతకగలవు, బాక్టీరియాని పట్టుకు తినీ బతకగలవు. చివరికి అతను ఏం చేశాడంటే జీఎఫ్ఓ తీసి పక్కన పెట్టి, వోడ్కా ఆపి, సోడియం నైట్రేట్ కొనుక్కొచ్చి ట్యాంకులో కలపడం మొదలెట్టాడు. రాత్రుళ్ళు ఆస్ట్రియాప్సిస్ ఇసుక వదిలి నీళ్ళలోకి తేలుతుంది కాబట్టి, అక్కడ దాన్ని చంపడానికి యూవీ లైటు కూడా పెట్టాడు. నైట్రేట్ తియ్యడానికి పెట్టిన ఖర్చు ఒకటి, తిరిగి పొయ్యడానికి పెట్టిన ఖర్చు ఇంకొకటి. వాళ్ళావిడ ఈ రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి అడిగిన ప్రశ్నకి అతని దగ్గర జవాబు లేదు.

ఈ వోడ్కా సంగతి భీమవరంలో ఉన్న మా బావకి ఫోన్లో చెప్పాను. మేనమామ కొడుకు, వనామీ రొయ్యల చెరువులు చేస్తాడు. నవ్వుతాడేమో అనుకున్నా, నవ్వలేదు. "మేం బెల్లం పోస్తాం బావా, అదే పని," అన్నాడు. నిజమే. ప్రోబయాటిక్‌తో బెల్లం, తవుడు కలిపి నానబెట్టి చెరువులో జల్లేది కూడా బాక్టీరియాకి కార్బన్ పెట్టి అమ్మోనియా తగ్గించుకోవడానికే. ఇక నేను ఫాస్ఫేట్ తియ్యడానికి డబ్బులు పోస్తున్నానంటే మాత్రం పగలబడి నవ్వాడు, ఎందుకంటే వాళ్ళు పిల్ల వెయ్యకముందు నీళ్ళకి రంగు రావాలని సూపర్ ఫాస్ఫేట్ కొని మరీ వేస్తారు.

సీసాల గొడవ

మా బావ చెప్పిన ఇంకో మాట ఇక్కడ పనికొస్తుంది. చెరువులో రంగు ఒక్కసారిగా పడిపోతే, అంటే ప్లాంక్టన్ అంతా ఒకేసారి చచ్చిపోతే, ఆ రాత్రి వాళ్ళకి నిద్ర ఉండదట. చచ్చింది కుళ్ళుతూ ఆక్సిజన్ లాగేస్తుంది, ఏరేటర్లన్నీ వేసినా తెల్లవారుజామున రొయ్య పైకి తేలుతుంది. "పచ్చగా ఉందని భయం లేదు బావా, పచ్చ పోతేనే భయం."

సీసా పోసి నాచుని ఒక్క దెబ్బకి చంపేవాళ్ళు ఈ లెక్క వేసుకోరు. నాచు ఎక్కడికీ పోదు. అది పీల్చుకున్నదంతా కుళ్ళి మళ్ళీ నీళ్ళలోకే వస్తుంది, ఆ తర్వాత ఎర్రటి జిగురు పొరలా సైనోబాక్టీరియా వస్తుంది, దానికి ఇంకో సీసా. కొన్నేళ్ళ క్రితం ఒక సీసా విపరీతంగా అమ్ముడుపోయింది, అందులో ఉన్నది మంచి బాక్టీరియా అని చెప్పి అమ్మారు. అది వాడినవాళ్ళ రెఫ్యూజియంలో (నాచుని కావాలని పెంచే పక్క అరలో) కీటో అనే నాచు కూడా కరిగిపోతుంటే కొంతమందికి అనుమానమొచ్చింది. బాక్టీరియా ఏంటి, కీటోని చంపడం ఏంటి అని. హాబీ వాళ్ళే పూనుకుని పరీక్షలు చేసి, చేయించి చూస్తే, చెరువులకీ కొలనులకీ వాడే మామూలు ఆల్గేసైడ్ (నాచుని చంపే మందు) లక్షణాలు బయటపడ్డాయి. అది పని చెయ్యలేదని ఎవరూ అనలేదు, బాగానే చేసింది. మనం పోస్తున్నదేంటో మనకి తెలియకపోవడం దగ్గరే నా అభ్యంతరం.

సీసాలన్నీ చెడ్డవని కూడా నేననలేను. బ్రయాప్సిస్ ఉంది. ఈకలాగా, చిన్న ఫెర్న్ ఆకులాగా ఉంటుంది, చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. దాన్ని నమ్మకంగా తినే ప్రాణి హాబీలో దొరకదు. లాగితే తుంపులు తుంపులై, పడినచోటల్లా మొలుస్తుంది. దాని మీద ఫ్లూకోనజోల్ నిజంగా పనిచేస్తుంది, గ్యాలన్‌కి 20 మిల్లీగ్రాములు లెక్క. మనుషుల ఫంగస్ మందు నాచు మీద ఎందుకు పనిచేస్తోందని మొదట్లో అందరూ ఆశ్చర్యపోయారు. మా గ్రూపులో ఒకాయన వాళ్ళ అమ్మగారు హైదరాబాద్ నుంచి వస్తుంటే 150 మిల్లీగ్రాముల మాత్రలు తెప్పించుకున్నాడు. ఇన్ని మాత్రలు ఎవరికి నాయనా అని ఆవిడ బెంగపెట్టుకున్నారట. బ్రయాప్సిస్ విషయంలో నా మేత వాదం చేతులెత్తేస్తుంది, ఒప్పుకుంటాను.

ముందు చెయ్యి, తర్వాత నోరు

ఎక్కువమంది విసుక్కునే పని ఇది. నాచు పొడవుగా ఉంటే ముందు చేత్తో పీకాలి. రాయి బయటికి వచ్చేదైతే ట్యాంకు నీళ్ళు నింపిన బకెట్‌లో పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టి, వేరు దగ్గర మెలిపెట్టి లాగితే కుచ్చు కుచ్చుగా వస్తుంది, తడి ఉన్ని లాగుతున్నంత మెత్తగా. వేళ్ళకి అంటుకున్న వాసన సబ్బుతో కూడా ఓ పట్టాన పోదు. వేళ్ళకి అందని పగుళ్ళలో పాత టూత్‌బ్రష్. రాయి బయటికి రాకపోతే, సన్నటి పైపుకి బ్రష్ కట్టి, ఒక పక్క రుద్దుతూ ఇంకో పక్క ఆ నీళ్ళు సైఫన్ చెయ్యాలి, లేకపోతే తెగిన ముక్కలు ట్యాంకంతా పంచిపెట్టినట్టవుతుంది. పీకిన ప్రతి గుప్పెడులో అది పీల్చుకున్న నత్రజని, భాస్వరం కూడా బయటికి పోతాయి. భాస్వరం వరకూ జీఎఫ్ఓ చేసే పనే ఇది, పైసా ఖర్చు లేకుండా. స్మిత్సోనియన్‌లో పనిచేసిన శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ 1980ల్లో ఇదే లెక్క మీద ఆల్గల్ టర్ఫ్ స్క్రబ్బర్ కట్టాడు: నాచు ఎలాగూ పెరుగుతుంది కాబట్టి, నువ్వు చెప్పినచోట, జాలీ మీద పెంచి, వారం వారం గీకి పారెయ్.

ఇలా పీకాక మిగిలిన పిలక ఉంటుంది చూడండి, అర అంగుళం కూడా ఉండదు, అది నత్తల పని. ఇక్కడ ఏ నత్త అన్నది తేడా చేస్తుంది. ఆస్ట్రియా నత్త చవక, కానీ బోర్లా పడిందంటే తనంతట తాను లేవలేదు, పీత వచ్చి తినేస్తుంది. ట్రోకస్ కాస్త ఖరీదు, కానీ పడినా లేస్తుంది, ట్యాంకులోనే పిల్లల్ని కూడా పెడుతుంది. మెక్సికన్ టర్బో మేసినంత ఏదీ మెయ్యదు, కానీ అది చల్లటి నీళ్ళ ప్రాణి, మన 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దానికి వేడి, పైగా రాయికి అంటించని పగడపు ముక్కల్ని, అంటే ఫ్రాగ్‌లన్నీ దొర్లించుకుంటూ పోతుంది. అద్దం మీద పాచి పట్టిన రోజు పొద్దున్నే లైటు వెయ్యకుండా టార్చి వేసి చూస్తే, రాత్రి ట్రోకస్ నడిచిన దారంతా వంకర టింకర గీతల్లా కనపడుతుంది, దాని నాలుక గీకిన గీతలవి. వాటి పక్కన గుండ్రంగా చిన్న చిన్న ముద్దు గుర్తులుంటే అది లాన్‌మోవర్ బ్లెన్నీ అనే చేప. దాని పెదాల అచ్చులే.

టక్సిడో అర్చిన్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. గోల్ఫ్ బంతి కంటే కాస్త పెద్దది, నీలం చారలు. అది వెళ్ళిన దారిలో రాయి తెల్లగా తేలుతుంది, నాచుతో పాటు కోరలీన్‌ని కూడా గీకేస్తుంది, ఆ నష్టం ఉంది. దానికో అలవాటు: ఏది దొరికితే అది నెత్తి మీద పెట్టుకు తిరుగుతుంది. ఖాళీ గుల్లలు, కీటో ముక్క. ఒకసారి మా ఇంట్లో పది డాలర్లు పెట్టి కొన్న జోయాంథస్ పగడం ఫ్రాగ్ కనపడలేదని వెతుకుతుంటే మా అమ్మాయే చూపించింది, అది అర్చిన్ నెత్తి మీద టోపీలా ట్యాంకు వెనక్కి ఊరేగుతోంది.

గ్యాలన్‌కి ఒక నత్త లాంటి లెక్కలు షాపువాళ్ళవి, నమ్మకండి. కొన్ని వేసి, అద్దం ఎన్నాళ్ళకి మసకబారుతోందో చూసి, అప్పుడు ఇంకొన్ని.

నాకే తెగని సంగతులు

మేతే మార్గమని ఇంతసేపు వాదించాక, నన్ను ఇబ్బంది పెట్టేవి కూడా చెప్పాలి. మనం మేసే నోళ్ళని ఎక్కడి నుంచి తెస్తున్నాం? ఎల్లో ట్యాంగ్‌నే తీసుకోండి. నాచు మేసే చేపల్లో అందరికీ మొదట గుర్తొచ్చేది అదే. ఒకప్పుడు 50, 60 డాలర్లకి దొరికేది, దాదాపు అన్నీ హవాయి సముద్రంలో పట్టినవే. 2021లో కోర్టు తీర్పుతో అక్కడ పట్టడం ఆగిపోయాక ధర ఎన్నో రెట్లయింది. హవాయిలోనే ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2015లో ఆ చేపని మొదటిసారి ట్యాంకుల్లో గుడ్డు నుంచి పెంచి చూపించారు కాబట్టి ఇప్పుడు పెంచినవి దొరుకుతున్నాయి. ఖరీదైనా నేను వాటికే ఓటేస్తాను. నత్తలూ పీతలూ మాత్రం ఇప్పటికీ ఎక్కువగా సముద్రంలోంచి ఏరుకొచ్చినవే. నా అద్దం మెరవడానికి ఏదో తీరంలో మేసేవాళ్ళని తగ్గిస్తున్నానేమో అనే ఆలోచన వస్తుంది, జమైకా గురించి పైన అంత రాశాక రాకుండా ఎలా ఉంటుంది. ట్రోకస్ మీద నాకున్న మొగ్గులో ఇదీ ఒక కారణం, ట్యాంకులో పుట్టిన పిల్లల్ని నలుగురికీ పంచొచ్చు.

చిన్న ట్యాంకులతో ఇంకో చిక్కు. ట్యాంగ్‌కి ఈదే జాగా కావాలి, ఆరడుగుల ట్యాంకు అయినా ఉండాలి. ఫాక్స్‌ఫేస్ చేప మేస్తుంది, కానీ అదీ పెద్దదవుతుంది, ముళ్ళలో విషం. నానో ట్యాంకులో మేత మొత్తం నత్తల మీదా, మన చేతుల మీదా నడవాల్సిందే. అందుకే చిన్న ట్యాంకు తేలిక అని కొత్తవాళ్ళకి చెప్పేవాళ్ళ మీద నాకు కోపం.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న, నాచు అయిపోయాక ఏంటి? ట్యాంగ్ అయితే నోరి పెడితే తింటుంది. నాచు తినాలని తెచ్చిన చేపకి కొరియన్ షాపులో సముద్రపు నాచు కొనిపెడుతున్నామని మా ఆవిడ ఎగతాళి చేస్తుంటుంది. నత్తలు అలా కాదు, ఎక్కువ వేస్తే అద్దం శుభ్రమయ్యాక మెల్లగా ఒక్కొక్కటీ ఆకలికి పోతుంది, ఆ గుల్లలో కుళ్ళింది మళ్ళీ నాచుకే ఎరువు. సీ హేర్ (పైన గుల్ల కనపడని పెద్ద సముద్రపు నత్త) సంగతి మరీ ఘోరం. హెయిర్ ఆల్గే మీద దాన్ని మించినది లేదు, అరచేతి కంటే పెద్ద గోధుమరంగు ముద్ద, నోరు ఎత్తకుండా మేసుకుంటూ పోతుంది. కానీ హెయిర్ ఆల్గే అయిపోతే ఇంకేదీ సరిగ్గా తినదు, కొన్ని వారాల్లో చిక్కి పోతుంది. చాలామంది కొనుక్కొచ్చి, పని కాగానే చావనిస్తారు. షాపుల్లో దాన్ని వెనక్కి తీసుకోమంటే తీసుకోరు.

అందుకే మా గ్రూపులో అనుకున్నదేంటంటే, సీ హేర్ ఎవరి సొంతం కాదు, ఎవరింట్లో నాచు ఉంటే వాళ్ళింటికి వెళ్తుంది. పవర్‌హెడ్‌లకీ (నీళ్ళు తిప్పే మోటార్లు), నీళ్ళు బయటికి పోయే ఓవర్‌ఫ్లోకీ ముందుగా స్పాంజి గానీ జాలీ గానీ కట్టాలి, అందులోకి పోయి నలిగిందంటే ఊదారంగు సిరా కక్కుతుంది, చేపలు కూడా పోతాయి. నీళ్ళలో ఉప్పు వెయ్యికి 35 వంతుల దగ్గర ఉందో లేదో చూసుకోండి, మీ ట్యాంకు నీళ్ళు చుక్కలుగా పడేలా డ్రిప్ పెట్టి గంటసేపు అలవాటు చెయ్యండి, ట్యాంకులో ఫ్లూకోనజోల్ లాంటివి వేసి ఉంటే కార్బన్ పెట్టి, నీళ్ళు మార్చి, అప్పుడు అడగండి. ప్రస్తుతం అది అర్వింగ్‌లో ఉంది. అక్కడ నాచు దాదాపు అయిపోయింది కాబట్టి కావలసినవాళ్ళు ఈ శనివారం లోపు చెప్పండి. బకెట్, మూత మీవే.